రేర్ ఎర్త్ పలుచని పొరలు: వెలిగేది అయానే, చిక్కంతా దానికి శక్తి అందించడంలో

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ చూడనివాళ్లు ప్రకాశం జిల్లాలో ఉండరు. నల్లటి రాతిలో బంగారు రంగు చుక్కలు. షోరూంలో స్పాట్‌లైటు కింద పెడితే రాయి లోపల ఏదో వెలుగుతున్నట్టే ఉంటుంది. లైటు ఆపేస్తే ఏమీ ఉండదు. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజపు రేకులు. తమ మీద పడిన కాంతిని వెనక్కి కొడతాయి, అంతే. (పేరుకు గ్రానైట్ గానీ భూగర్భ శాస్త్రం లెక్కలో అది గాబ్రో జాతి రాయి.) మెరవడం వేరు, వెలగడం వేరు. వెలిగే పదార్థం మన కంటికి ఆనని అతినీలలోహిత కాంతినో, కరెంటునో లోపలికి తీసుకుని తన సొంత రంగు కాంతిని బయటికి ఇస్తుంది.

ఈ రెండో రకం పదార్థాల మీద మన దగ్గర పని తక్కువేం జరగడం లేదు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఫిజిక్స్ విభాగంలో రేర్ ఎర్త్ మూలకాలు కలిపిన గాజు పదార్థాల మీద దశాబ్దాలుగా పరిశోధన నడుస్తోంది. నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసి పీహెచ్‌డీకి వెళ్లే పిల్లల్లో ఎవరో ఒకరి టాపిక్ ‘యూరోపియం డోప్ చేసిన ఫలానా ఆక్సైడ్ థిన్ ఫిల్మ్‌లు’ అయి ఉంటుంది. అంటే కొద్దిగా యూరోపియం కలిపిన ఆక్సైడ్ పలుచని పొరలు. ఇంట్లో అడిగితే ‘లైట్ల మీద’ అని చెప్పి ఊరుకుంటారు, పాపం ఇంకేం చెప్తారు. ఇలాంటి థీసిస్‌ల చివర్లో మాత్రం ‘ఈ పదార్థం ఎల్‌ఈడీలకు, డిస్‌ప్లేలకు పనికొస్తుంది’ అన్న వాక్యం దాదాపు ఖాయం. ల్యాబులో కనిపించిన ఎర్రటి వెలుగుకూ, ఆ వాక్యానికీ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరం ఎక్కడ ఎంతుందో తెలిస్తే ఈ సబ్జెక్టు సగం అర్థమైనట్టే.

ముందు వెలిగేదెవరో చూద్దాం. రేర్ ఎర్త్‌లు మొత్తం 17. లాంథనం నుంచి లుటీషియం దాకా 15, వాటికి తోడు స్కాండియం, ఇట్రియం. వీటిలో కాంతి పనికి ఎక్కువగా వాడేవి యూరోపియం, టెర్బియం, ఎర్బియం, థూలియం, డిస్ప్రోసియం, సమేరియం, నియోడిమియం, సీరియం. ఘన పదార్థంలో ఇవి ఎక్కువగా మూడు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న అయాన్లుగా ఉంటాయి. వీటిలో కాంతిని ఇచ్చేవి 4ఎఫ్ కక్ష్యల్లోని ఎలక్ట్రాన్లు. వాటి బయట 5ఎస్, 5పీ ఎలక్ట్రాన్ల కవచం ఒకటి ఉంటుంది. దాంతో చుట్టూ ఆక్సిజన్ ఉన్నా ఫ్లోరిన్ ఉన్నా, అది గాజైనా స్ఫటికమైనా, లోపలి శక్తి స్థాయిలు పెద్దగా కదలవు. యూరోపియంను చాలా ఆక్సైడ్‌లలో వేస్తే ఎర్రటి వెలుగు 610 నుంచి 620 నానోమీటర్ల మధ్యే సన్నటి గీతగా వస్తుంది. టెర్బియం 545 దగ్గర ఆకుపచ్చ. థూలియం 450–480 మధ్య నీలం. డిస్ప్రోసియం నీలం ఒకటి, పసుపు ఒకటి ఇస్తుంది, రెండూ కలిసి తెలుపులా కనిపిస్తాయి. ఎర్బియం ఆకుపచ్చ కూడా ఇస్తుంది గానీ, దాని గొప్పంతా కంటికి కనపడని 1.54 మైక్రోమీటర్ల కాంతిలో ఉంది. దాని సంగతి తర్వాత.

ఈ సన్నటి గీతల్ని ఇంట్లోనే చూడొచ్చు. అటక మీద పాత సీడీ ఒకటి, ఇంకా వెలుగుతున్న సీఎఫ్ఎల్ బల్బు ఒకటి ఉంటే చాలు. రాత్రి గదిలో మిగతా లైట్లు ఆపేసి, బల్బు ప్రతిబింబం సీడీ మీద పడేలా వంచి పట్టుకోండి. ఇంద్రధనుస్సు వరసగా రాదు, ముక్కలు ముక్కలుగా వస్తుంది. విడిగా నిలబడిన నారింజ ఎరుపు ముక్క యూరోపియంది. ఆకుపచ్చ ముక్కలో ఎక్కువ భాగం టెర్బియంది, పాదరసం కూడా కొంచెం కలుస్తుంది. అదే సీడీని ఎల్‌ఈడీ బల్బు ముందు పెడితే రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి సాగుతాయి. ఎల్‌ఈడీ లోపల నీలం చిప్పు మీద పూసిన పసుపు పొడిలో ఉండేది సీరియం. సీరియంలో కాంతి ఇచ్చే ఎలక్ట్రాన్ 5డీ స్థాయి నుంచి దిగుతుంది. ఆ స్థాయికి కవచం లేదు. అందుకే పరిసరాలను బట్టి దాని రంగు మారుతుంది, గీత కాస్తా వెడల్పాటి పట్టీ అవుతుంది. రేర్ ఎర్త్ అనగానే సన్నటి గీతలే అనుకోకూడదని చెప్పడానికి ఈ ఒక్క మినహాయింపు చాలు. రోజూ మన ఇళ్లలో వెలిగే తెల్ల లైటు ఈ మినహాయింపు మీదే నడుస్తోంది.

4ఎఫ్ నుంచి 4ఎఫ్‌కే దూకడం క్వాంటం నియమాల ప్రకారం దాదాపు నిషిద్ధం. పూర్తిగా కాదు. స్ఫటికంలో అయాన్ చుట్టూ ఉన్న అమరిక కాస్త వంకరగా ఉంటే నియమం సడలుతుంది. కానీ ఆ సడలింపు కొంచెమే. అందుకే ఉత్తేజితమైన యూరోపియం అయాన్ కాంతిని వదలడానికి మిల్లీసెకను దాకా తీసుకుంటుంది. మామూలు ఎల్‌ఈడీ చిప్పులో ఈ పని నానోసెకన్లలో అయిపోతుంది. ఆలస్యం సరే, దాంతో పెద్ద నష్టం లేదు. అసలు ఇబ్బంది ఇంకోటి. బయటికి ఇవ్వడానికి అడ్డొచ్చిన నియమమే లోపలికి తీసుకోవడానికీ అడ్డొస్తుంది. ఈ అయాన్లు కాంతిని పీల్చుకోవడంలో చాలా బలహీనం.

ఇప్పుడు పొర దగ్గరికి రండి. థిన్ ఫిల్మ్ అంటే ఎంత పలుచన? ఈ పరిశోధనల్లో సాధారణంగా వంద నానోమీటర్ల నుంచి ఒక మైక్రోమీటరు దాకా. ఇట్రియం ఆక్సైడ్ పొర 500 నానోమీటర్ల మందం ఉందనుకుందాం. నూటికి ఐదు ఇట్రియం స్థానాల్లో యూరోపియం పెట్టాం. ఘన సెంటీమీటరుకు కోటి కోట్ల కోట్లకు పైగా యూరోపియం అయాన్లు ఉన్నట్టు. వినడానికి బ్రహ్మాండంగా ఉంది కదా. కానీ 394 నానోమీటర్ల కాంతితో యూరోపియంను నేరుగా రెచ్చగొడితే, పంపిన పదివేల ఫోటాన్లలో (కాంతి రేణువుల్లో) ఈ పొర పట్టుకునేది ఒకటో, ఐదారో. మిగతావన్నీ పొరలోంచి దూసుకుని అవతలికి పోతాయి. పట్టుకున్నవాటితో పుట్టిన ఎర్ర కాంతిలోనూ ఎక్కువ భాగం పొరలోనే ఇరుక్కుంటుంది. ఇట్రియం ఆక్సైడ్ వక్రీభవన గుణకం దాదాపు 1.9. దాంతో పై ముఖం నుంచి సూటిగా బయటపడేది నూటికి ఏడెనిమిది వంతులే. మిగిలింది సంపూర్ణాంతర పరావర్తనంతో పక్కలకు, అడుగు గాజులోకి పోతుంది.

మరి సీఎఫ్ఎల్ గొట్టంలోని పొడి అంత బాగా ఎలా వెలుగుతుంది? ఆ పొడి పూత చాలా మందంగా ఉంటుంది. పైగా రేణువుల మధ్య కాంతి అటూ ఇటూ తగులుతూ చాలా దూరం తిరుగుతుంది. పొడిదే పైచేయి అన్నమాట. ఇది తెలిసీ పొర వెంట ఎందుకు పడుతున్నారంటే, పొడి చేయలేని పనులు కొన్ని ఉన్నాయి. పొర నునుపుగా, పారదర్శకంగా ఉంటుంది. గాజుకో సిలికాన్‌కో గట్టిగా అతుక్కుంటుంది, జిగురు అక్కర్లేదు. వేడిని తొందరగా కిందికి దించేస్తుంది. మైక్రోమీటరు సైజు బొమ్మలు దాని మీద చెక్కొచ్చు. అన్నిటికీ మించి, పొరకు రెండు వైపులా ఎలక్ట్రోడులు వేసి కరెంటు ఇవ్వొచ్చు. కాబట్టి ఈ రంగంలో తెలివంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: తనంతట తాను కాంతిని పట్టుకోలేని అయాన్‌కు శక్తిని ఏ దారిలో అందించాలి?

మొదటి దారి, ఆ పని ఆతిథ్య పదార్థానికి, అంటే అయాన్లను కలిపిన అసలు పదార్థానికి, అప్పగించడం. ఇట్రియం ఆక్సైడ్‌లో ఆక్సిజన్ దగ్గరి ఎలక్ట్రాన్ ఒకటి యూరోపియం మీదికి దూకే ఏర్పాటు ఉంది. అది 250 నానోమీటర్ల చుట్టుపక్కల, నేరుగా పీల్చుకోవడం కన్నా వెయ్యి రెట్లకు పైగా బలంగా కాంతిని పట్టుకుంటుంది. సీఎఫ్ఎల్‌లో పాదరసం ఇచ్చే 254 నానోమీటర్ల కాంతికి ఇది అచ్చంగా అతికినట్టు సరిపోయింది. కలర్ టీవీకి తొలి రేర్ ఎర్త్ ఎరుపు పొడిని 1964లో అమెరికా పరిశోధకులు లెవీన్, పలిల్లా ప్రకటించారు. అది ఇట్రియం వెనడేట్‌లో యూరోపియం. ఆ రోజుల నుంచీ ఎరుపు అనగానే యూరోపియమే. ఆ వెనడేట్‌లో కూడా అతినీలలోహిత కాంతి పడితే దాన్ని పట్టుకుని యూరోపియంకు అందించేది వెనడేట్ భాగమే.

జింక్ ఆక్సైడ్ సంగతి వేరు. చవక, విషం కాదు, తయారీ తేలిక, 3.37 ఎలక్ట్రాన్ వోల్టుల బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్‌ను కదిలించడానికి కావాల్సిన కనీస శక్తి), కరెంటు కూడా పారుతుంది. అందుకే ప్రాజెక్టు చేసే పిల్లలు సగం మంది దాని మీదే పడతారు. తీరా యూరోపియం వేస్తే అది లోపల కుదురుకోదు. జింక్ స్థానం చిన్నది. నాలుగు ఆక్సిజన్ల మధ్య జింక్ అయాన్ వ్యాసార్థం 0.60 ఆంగ్‌స్ట్రాంలు. యూరోపియం ఆరు ఆక్సిజన్లు కోరుకుంటుంది, దాని వ్యాసార్థం 0.95. ఆవేశాలూ కలవవు, జింక్‌ది రెండు, యూరోపియంది మూడు. కాబట్టి చాలా యూరోపియం స్ఫటికం లోపలికి పోకుండా రేణువుల అంచుల్లో పేరుకుంటుంది. జింక్ ఆక్సైడ్ పట్టుకున్న శక్తి అక్కడిదాకా చేరడం కష్టం. దారిలో లోపాలు దాన్ని లాగేసుకుని పసుపు పచ్చటి వెలుగుగా మార్చేస్తాయి. ఇట్రియం ఆక్సైడ్‌లో ఈ పేచీ లేదు. ఇట్రియం ఆవేశమూ మూడే, వ్యాసార్థం 0.90.

శక్తి ఆతిథ్య పదార్థం నుంచి వచ్చిందా, యూరోపియం నేరుగా పట్టుకుందా అన్నది ఒక్క గ్రాఫుతో తేలిపోతుంది. ఎక్సైటేషన్ స్పెక్ట్రం అంటారు. డిటెక్టర్‌ను 612 దగ్గర కదలకుండా పెట్టి, పంపే కాంతి రంగును మారుస్తూ పోవాలి. జింక్ ఆక్సైడ్ పొర అయితే 370 నానోమీటర్ల దగ్గర వెడల్పాటి గుట్ట కనిపించాలి. అది కనపడితే ఆతిథ్య పదార్థం పని చేస్తున్నట్టు. దాని జాడ లేకుండా 394, 465 దగ్గర సన్నటి ములుకులు మాత్రమే ఉంటే యూరోపియం తన తిప్పలు తాను పడుతున్నట్టు. చాలా పేపర్లలో ఈ గ్రాఫు చిన్నగా ఒక మూలన ఉంటుంది. వెలుగు రంగును చుక్కగా చూపే రంగురంగుల సీఐఈ పటం మాత్రం అర పేజీ ఆక్రమిస్తుంది. నా లెక్కలో ఆ పటానికి విలువ తక్కువ. ఎరుపు రంగు యూరోపియంకు పుట్టుకతో వచ్చింది, దాన్ని పటం మీద చుక్కగా చూపిస్తే కొత్తగా తేలేదేమీ లేదు.

తయారీకి చాలా దారులున్నాయి. వాక్యూం గదిలో ఆర్గాన్ వాయువుతో పలక మీది పదార్థాన్ని కొట్టి కొట్టి లేపే స్పట్టరింగ్, లేజరుతో ఆవిరి చేయడం, వేడి పలక మీద ద్రావణం చల్లే స్ప్రే పైరాలిసిస్. కాలేజీ బడ్జెట్‌కు అందేది సాల్–జెల్, స్పిన్ కోటింగ్. ఇట్రియం, యూరోపియం నైట్రేట్లను ఆల్కహాల్ లాంటి ద్రావణిలో కరిగిస్తారు. క్వార్ట్జ్ పలకను తిరిగే పీట మీద పెట్టి నాలుగు చుక్కలు వేసి, నిమిషానికి మూడు వేల చుట్ల వేగంతో అర నిమిషం తిప్పుతారు. ద్రావణం అంచులకు చిమ్ముకుపోయి పలుచని తడి పొర మిగులుతుంది. దాన్ని హాట్ ప్లేట్ మీద ఆరబెట్టి మళ్లీ చుక్కలు, మళ్లీ తిప్పడం. ఒక్కో పూత ముప్ఫై నలభై నానోమీటర్లే కాబట్టి పది పన్నెండు సార్లు ఇదే పని. చివరికి కొలిమిలో 700–900 డిగ్రీల వేడి. మామూలు గాజు పలక అంత వేడికి ఆగదు, మెత్తబడి వంగిపోతుంది. అందుకే క్వార్ట్జ్ లేదా సిలికాన్. పలక మీద ఒక్క దుమ్ము కణం ఉన్నా దాని వెనక తోకచుక్క లాంటి చార పడుతుంది. మందం సమంగా లేకపోతే నీళ్ల మీద నూనె పడ్డప్పటి రంగుల వలయాలు పలక మీద కనిపిస్తాయి. అనుభవం ఉన్నవాళ్లు ఏ మెషీనూ లేకుండా ఆ రంగుల్ని చూసే మందం ఎంతో ఇంచుమించుగా చెప్పేస్తారు.

తీర ప్రాంతపు ల్యాబుకు ఇంకో టెన్షన్ ఉంది, తేమ. వాయుగుండం పట్టిన కార్తీక మాసపు రోజుల్లో నెల్లూరు గాలిలో ఉండే చెమ్మ ఆరీ ఆరని పొరలోకి దిగుతుంది. పొర పాలిపోయినట్టు మసకబారుతుంది. అది కంటికి కనిపించే నష్టం. కనపడని నష్టం, పొరలో మిగిలిపోయే ఓహెచ్ బంధాలు. గాలిలో తేమ లేకపోయినా ద్రావణం నుంచే కొన్ని వస్తాయి. ఓహెచ్ బంధం కంపనానికి శక్తి సుమారు 3,400 (సెంటీమీటరుకు తరంగాల లెక్కలో). ఎర్బియం 1.54 మైక్రోమీటర్ల కాంతి ఇవ్వడానికి దాచుకున్న శక్తి అదే లెక్కలో 6,500. అంటే రెండు కంపనాలు కలిస్తే చాలు, ఎర్బియం శక్తి కాంతి కాకుండానే వేడిగా మారిపోతుంది. యూరోపియం దిగాల్సిన మెట్టు దాదాపు 12,000. దాన్ని మింగాలంటే మూడు నాలుగు కంపనాలు ఒకేసారి కావాలి, అది అంత తేలిగ్గా జరగదు. తడి ఆరని పొరలో యూరోపియం మసకగానైనా వెలుగుతుంది, ఎర్బియం చచ్చిపోతుంది. కొలిమి వేడి సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి వెలుగు ఎంత ఉందో చూడటం కన్నా, దీపం ఆపాక ఆ వెలుగు ఎన్ని మిల్లీసెకన్లు నిలిచిందో చూడటం మేలు. వెలుగు ఎంతన్నది పలక పెట్టిన కోణాన్ని బట్టి, డిటెక్టర్‌ను బట్టి మారుతుంది. నిలిచే కాలం అంత తేలిగ్గా మోసం చేయదు.

యూరోపియం ఎక్కువ వేస్తే వెలుగు పెరుగుతుందిగా అని ఎవరికైనా అనిపిస్తుంది. కొంతవరకే. రొయ్యల గుంటలో సీడ్ ఒత్తుగా వేస్తే తెగులు ఒకదాని నుంచి ఇంకోదానికి పాకి గుంటంతా పోయినట్టు, ఇక్కడ అయాన్లు దగ్గరపడే కొద్దీ శక్తి ఒకదాని నుంచి పక్కదానికి, దాని నుంచి ఇంకోదానికి దూకుతూ పోయి చివరికి ఏదో ఒక లోపం దగ్గర తేలుతుంది. అక్కడ వేడిగా వృథా అయిపోతుంది. ఇట్రియం ఆక్సైడ్‌లో యూరోపియంకు సాధారణంగా నూటికి ఐదు దగ్గర హద్దు. ఆతిథ్య పదార్థాన్ని బట్టి ఈ హద్దు మారుతుంది. జింక్ ఆక్సైడ్‌లోలా అయాన్లు అంచుల్లో గుంపు కడితే, సగటు శాతం తక్కువే ఉన్నా ఆ గుంపుల్లో హద్దు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

రెండో దారి కరెంటు. జింక్ సల్ఫైడ్‌కు విద్యుత్తు ఇచ్చి వెలిగించవచ్చని ఫ్రాన్స్‌లో జార్జ్ డెస్ట్రియో 1936లో చూపించాడు. పొర రూపంలో అది నిలబడింది 1974లో. జపాన్‌లో షార్ప్ కంపెనీ వాళ్లు కరెంటు పారనివ్వని రెండు పొరల మధ్య మాంగనీస్ వేసిన జింక్ సల్ఫైడ్‌ను ఇరికించి పసుపు వెలుగు రప్పించారు. రెండు వందల వోల్టుల చుట్టుపక్కల ఏసీ ఇస్తే, పొర లోపల విద్యుత్ క్షేత్రం సెంటీమీటరుకు పది లక్షల వోల్టులు దాటుతుంది. ఆ ఊపులో ఎలక్ట్రాన్లు పరుగెత్తి అయాన్‌ను గుద్దుతాయి, అయాన్ వెలుగుతుంది. మాంగనీస్ బదులు టెర్బియం వేస్తే ఆకుపచ్చ. ఇలాంటి తెరల కోసమే ఫిన్లాండ్‌లో తువోమో సుంటోలా ఒక్కో అణు పొరను వరసగా పేర్చే పద్ధతి కనిపెట్టాడు. ఇవాళ మన ఫోన్లలోని చిప్పులన్నీ ఆ పద్ధతి వాడుకుంటున్నాయి. తెరల వ్యాపారం మాత్రం అనుకున్నంత సాగలేదు. నీలం రంగు సరిగా రాలేదు, ఈలోపు ఎల్‌సీడీ వచ్చి మార్కెట్ ఎగరేసుకుపోయింది. ఆస్పత్రి పరికరాలు, సైనిక వాహనాల్లాంటి గట్టి పనులకే అవి మిగిలాయి. 2009లో జపాన్‌లోని ఒసాకా విశ్వవిద్యాలయం బృందం గాలియం నైట్రైడ్‌లో యూరోపియం వేసి, తక్కువ వోల్టేజీతోనే ఎరుపు ఎల్‌ఈడీని వెలిగించింది. థీసిస్ చివరి వాక్యం నిజం కావాలంటే వెళ్లాల్సిన దిక్కు ఇదీ. అతినీలలోహిత దీపం కింద పలక ఎర్రబడటం వేరు, కరెంటు ఇస్తే ఎర్రబడటం వేరు.

నాకు అన్నిటికన్నా నచ్చిన దారి మూడోది. పొర మందం 500 నానోమీటర్లే గానీ, దాని పొడవుకు హద్దేముంది? కాంతిని పొరలోంచి అడ్డంగా కాకుండా పొర వెంట నడిపితే సరి. ఇరుక్కుపోయిన కాంతి బయటికి రావడం లేదని ఇందాక ఏడ్చాం, ఇక్కడ ఆ ఇరుక్కోవడమే కావాలి. 1987లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం, అమెరికాలోని బెల్ ల్యాబ్స్ బృందాలు ఎర్బియం వేసిన ఫైబర్‌తో ఇదే పని చేశాయి. మీటర్ల పొడవున్న గాజు తీగలో నడిచే సిగ్నల్‌ను 1.54 మైక్రోమీటర్ల దగ్గర ఎర్బియం పెంచుతుంది. సముద్రాల అడుగున ఇంటర్నెట్ కేబుళ్లు ఇవాళ దాని మీదే నడుస్తున్నాయి. 2022లో స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్ఎల్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు దాన్నే చిప్పు మీదికి తెచ్చారు. సిలికాన్ నైట్రైడ్ పొరలో చుట్ట చుట్టిన సన్నటి దారి, పొడవు అర మీటరు దాకా, అందులోకి ఎర్బియం అయాన్లను దూర్చారు. సిగ్నల్ వెయ్యి రెట్లకు పైగా పెరిగింది. బలహీనంగా పీల్చుకునే అయాన్‌కు పొడవైన దారి ఇవ్వడం అన్నమాట. చిప్పు మీద పలుచని పొర తప్ప ఇంకేదీ చేయలేని పని ఇదే అనిపిస్తుంది నాకు.

రేర్ ఎర్త్ కొరత గురించి పేపర్లలో రోజూ వస్తోంది కాబట్టి ఆ ముక్క కూడా. 2025 ఏప్రిల్‌లో చైనా ఎగుమతులకు అనుమతి తప్పనిసరి చేసిన ఏడింటిలో ఇట్రియం, టెర్బియం, డిస్ప్రోసియం, సమేరియం ఉన్నాయి. కానీ పొరల లెక్క వేరు. పైన చెప్పిన పొరలో చదరపు సెంటీమీటరుకు పట్టే యూరోపియం ఆక్సైడ్ మిల్లీగ్రాములో యాభయ్యో వంతు. వృథా లేకుండా వాడగలిగితే ఒక్క గ్రాముతో ఐదు చదరపు మీటర్లు పూయొచ్చు. టన్నులకు టన్నులు తినేది మోటార్లలోని అయస్కాంతాలు. పొరకు కావాల్సింది శుద్ధత, 99.99 శాతం లాంటిది. మన తీరపు ఇసుకలో రేర్ ఎర్త్‌లుండే మోనజైట్ అనే ఖనిజం ఉందని, దేశం మొత్తం మీద 1.3 కోట్ల టన్నులని, అందులో ఆంధ్రా వాటా పెద్దదని అణు ఖనిజ సంస్థ అంచనా. నిజమే. అయితే మోనజైట్‌లో ఎక్కువగా ఉండేవి సీరియం, లాంథనం, నియోడిమియం. యూరోపియం, టెర్బియం, ఎర్బియం చాలా స్వల్పం. రేడియోధార్మిక థోరియం ఉంటుంది కాబట్టి ఎవరు పడితే వాళ్లు తవ్వుకోవడానికీ లేదు. పైగా గుణాల్లో కవలల్లాంటి ఈ మూలకాల్ని ఒకదాని నుంచి ఒకటి విడదీయడానికి ద్రావకాలతో వందల దశల్లో కడగాలి. ఇట్రియం వైపు మూలకాలు ఎక్కువగా ఉండే సమర్‌స్కైట్ అనే నల్లటి ఖనిజం పాత గూడూరు తాలూకా మైకా గనుల్లో, గ్రిద్దలూరు దగ్గర దొరికినట్టు భూగర్భ శాస్త్రవేత్తలు ఎప్పుడో రాశారు. సమేరియంకు ఆ పేరొచ్చింది ఈ ఖనిజం నుంచే. అయితే అందులో యురేనియం కలిసి ఉంటుంది, దొరికేదీ మైకాతో పాటు అక్కడక్కడా ముద్దలుగా. గని పెట్టి తీసేంత సరుకు కాదది.